పోలీసు సెట్టులో మాట ఫైరింజనుకు వినపడాలంటే...

దుబాయ్ సోనాపూర్‌లోనో, అల్ కూజ్‌లోనో ఏదైనా ప్రమాదం జరిగినప్పుడు ఒక సంగతి గమనించే ఉంటారు. ముందు పోలీసు బండి వస్తుంది. దాని వెనకే అంబులెన్సు. మంటలుంటే ఫైరింజను. ముగ్గురివీ వేర్వేరు డ్రస్సులు, వేర్వేరు ఆఫీసులు, వేర్వేరు బాసులు. కానీ ముగ్గురి దగ్గరా ఉండేది ఒకే జాతి వైర్‌లెస్ సెట్టు. పొట్టి ఏంటెనా, పక్కన నొక్కి మాట్లాడే మీట, పైన ఎర్రగానో నారింజ రంగులోనో ఒక చిన్న బటన్.

సెట్టు మనకు కొత్త కాదు. ఊళ్ళో ఎస్సై గారి జీపులో గరగరమంటూ ఉండేది. ఎస్పీ గారు 'సెట్ కాన్ఫరెన్స్' పెట్టారని పేపర్లో చదువుతూనే ఉంటాం. ఇక్కడ సైటు మీద పనిచేసే మనవాళ్ళలో చాలామంది చేతిలోనూ వాకీటాకీ ఉంటుంది. క్రేన్ ఆపరేటరుకు కింద నుంచి రిగ్గరు చెప్పే మాట, మాల్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుకు కంట్రోల్ రూమ్ చెప్పే మాట అందులోనే. అయితే పోలీసు, అంబులెన్సు, ఫైర్... ఈ ముగ్గురినీ ఒకే నెట్‌వర్క్ మీదికి తేవడం వెనక పెద్ద కథే ఉంది. అందులో చాలా ప్రాణాలు పోయాయి. ఆపదలో మనం చేసే ఒక్క ఫోన్ కాల్ ఆ తర్వాత ఏమవుతుందో అర్థం కావాలంటే ఆ కథ కొంచెం తెలియాలి.

ఎవరి సెట్టు వారిదే

పూర్వం ఏ దేశంలోనైనా పద్ధతి ఇంచుమించు ఒకటే. పోలీసు శాఖకు తన టవర్లు, తన ఫ్రీక్వెన్సీలు, తన సెట్లు. ఫైర్ వాళ్ళకు వాళ్ళవి. అంబులెన్సులకు, కరెంటు వాళ్ళకు, మునిసిపాలిటీకి ఎవరివి వారివే. పోలీసు సెట్టులో ఫైర్ వాళ్ళ మాట రాదు. మామూలు రోజుల్లో దీనివల్ల నష్టమేమీ కనపడదు. అందరూ ఒకే చోటికి పరుగెత్తాల్సిన రోజున తెలిసొస్తుంది.

అలాంటి రోజు 2001 సెప్టెంబర్ 11. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో దక్షిణ టవర్ ఉదయం 9.59కి కూలింది. ఉత్తర టవర్ 10.28కి కూలింది. మధ్యలో ఉన్నది 29 నిమిషాలు. ఆ సమయంలో పైన తిరుగుతున్న పోలీసు హెలికాప్టర్లలోని వాళ్ళు రెండో టవర్ పరిస్థితి కళ్ళారా చూశారు. ఇది కూడా నిలబడేలా లేదని సెట్టులో చెప్పారు. పోలీసులు విన్నారు, తమవాళ్ళను బయటికి రమ్మన్నారు. లోపల బరువులు మోసుకుంటూ మెట్లెక్కుతున్న ఫైర్ సిబ్బందికి ఆ మాట నేరుగా వినపడే దారే లేదు. వాళ్ళ రేడియో వేరు.

ఇంకో చిన్న సంగతి వింటే మనసు చివుక్కుమంటుంది. 1993లో అదే చోట బాంబు పేలాక, ఎత్తైన భవనంలో ఫైర్ వాళ్ళ సెట్లు పనిచేయడం కోసం ప్రత్యేకంగా రిపీటర్ పెట్టారు. దాన్ని వాడాలంటే రెండు బటన్లు నొక్కాలి. ఆ రోజు ఉత్తర టవర్‌లో పరీక్షించి చూసిన అధికారులు అది పనిచేయడం లేదని పక్కన పెట్టేశారు. రెండో బటన్ ఎవరూ నొక్కలేదని తర్వాత విచారణ కమిషన్ తేల్చింది. ఆ రోజు 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. అందరి చావుకూ రేడియోనే కారణం అనలేం. బయటికి రమ్మన్న మాట చేరినా దిగేలోపే కూలిన టవర్‌లో ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. కానీ ఒకే భవనం చుట్టూ ఉన్న రెండు శాఖల్లో ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియలేదన్నది మాత్రం నిజం.

లండన్ సొరంగాల్లో కాలినడకన కబురు

నాలుగేళ్ళు తిరక్కుండానే లండన్. 2005 జులై 7 ఉదయం మూడు భూగర్భ రైళ్ళలో, ఆ తర్వాత ఒక బస్సులో బాంబులు పేలాయి. 52 మంది చనిపోయారు. అప్పటికి బ్రిటన్ పోలీసులు 'ఎయిర్‌వేవ్' అనే కొత్త డిజిటల్ నెట్‌వర్క్‌కి మారుతూ ఉన్నారు. కానీ ఆ సిగ్నల్ నేల మీదనే. సొరంగాల్లోకి దిగితే రాదు. అక్కడ పనిచేసేవి రైల్వే పోలీసులైన బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీసుల పాత సెట్లు మాత్రమే. మిగతా వాళ్ళు కింద ఏం జరుగుతోందో పైవాళ్ళకు చెప్పాలంటే మనిషిని పరుగెత్తించాల్సి వచ్చింది. అంత పెద్ద నగరంలో, ఆ కాలంలో, కాలినడకన కబురు!

ఇందులో బాధ కలిగించే విషయం ఏమిటంటే ఇది తెలియని లోపం కాదు. 1987లో లండన్‌లోనే కింగ్స్ క్రాస్ స్టేషన్ కింద మంటలు లేచి 31 మంది చనిపోయారు. అప్పుడు విచారణ జరిపినవారు భూగర్భంలో అందరి రేడియోలూ పనిచేసేలా చూడాలని చెప్పారు. 18 ఏళ్ళు గడిచాయి. అదే నగరం, అదే లోపం. లండన్ అసెంబ్లీ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో ఈ మాట గట్టిగానే అడిగింది. ఆ తర్వాతే సొరంగాల్లోకి ఎయిర్‌వేవ్ వచ్చింది.

ఆ నివేదికలో ఇంకో ముచ్చట మనలాంటి వాళ్ళకు బాగా పనికొస్తుంది. అంబులెన్సు అధికారులు ఆ రోజు మొబైల్ ఫోన్లను నమ్ముకున్నారు. బాంబుల వార్త తెలియగానే నగరమంతా ఒకేసారి ఫోన్లు తీసింది. నెట్‌వర్క్ నిండిపోయింది, అధికారుల ఫోన్లు కలవలేదు. మనమూ అంతే కదా. క్యాంపులో ఏదైనా జరిగితే ముందు తమ్ముడికి ఫోన్, తర్వాత ఇంటికి ఫోన్, ఆపైన వీడియో. ఆ వేల ఫోన్ల మధ్య అంబులెన్సు డ్రైవరు ఫోను కూడా ఒకటైపోతే ఇక అంతే సంగతులు. అందుకే రక్షించేవాళ్ళకు విడిగా వాళ్ళదే అయిన దారి కావాలి.

ఎక్స్ఛేంజ్‌లో టోకెన్ లాగా

మరి ఒకే నెట్‌వర్క్ మీద ఇంతమంది ఎలా మాట్లాడతారు? గోల గోల అయిపోదా?

జీతాలు పడిన వారం డబ్బు పంపడానికి ఎక్స్ఛేంజ్‌కి వెళ్ళారనుకోండి. ఆరు కౌంటర్లు ఉన్నాయి. ఒక్కో దేశం వాళ్ళకు ఒక్కో కౌంటర్ అని రాసి పెడితే ఏమవుతుంది? ఇండియా కౌంటర్ దగ్గర నలభై మంది, పక్క కౌంటర్‌లో క్యాషియరు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంటాడు. అదే టోకెన్ పెడితే? ఏ కౌంటర్ ఖాళీ అయితే ఆ కౌంటర్‌కి తర్వాతి మనిషి. కౌంటర్లు అవే ఆరు, పని మాత్రం చాలా ఎక్కువ జరుగుతుంది. రేడియోలో దీన్నే ట్రంకింగ్ అంటారు. ఛానెళ్ళు అందరివీ. మీట నొక్కగానే కంప్యూటర్ ఖాళీగా ఉన్న ఛానెల్ చూసి ఇస్తుంది. మాట అయిపోగానే వెనక్కి తీసుకుంటుంది. ఇదంతా అర సెకను లోపే. మాట్లాడే పోలీసుకు ఏ ఛానెల్ దొరికిందో కూడా తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

గోల కాకుండా ఉండటానికి 'టాక్ గ్రూపులు' ఉంటాయి. ఇవి వాట్సాప్ గ్రూపుల్లాంటివే అనుకోండి. దేరా పోలీసులది ఒక గ్రూపు, అంబులెన్సులది ఇంకొకటి. రోజూ ఎవరి గ్రూపులో వాళ్ళు. పెద్ద ప్రమాదం జరిగితే కంట్రోల్ రూమ్ అందరినీ కలిపి ఒక గ్రూపులోకి తెస్తుంది. అప్పుడు పోలీసు చెప్పింది ఫైరింజనుకు వినపడుతుంది. న్యూయార్క్‌లో ఆ రోజు లేనిది ఇదే.

ఆ రంగు బటన్ సంగతి చెప్పలేదు కదూ. అది ప్రాణాపాయంలో నొక్కేది. నొక్కితే నెట్‌వర్క్ ఎంత బిజీగా ఉన్నా, అవసరమైతే వేరేవాళ్ళ మాట తెంచి అయినా సరే ఆ సెట్టుకు దారి ఇస్తుంది. ఇంకో సదుపాయం... టవర్ అందని బేస్‌మెంట్‌లో కూడా దగ్గరున్న రెండు సెట్లు టవర్‌తో పని లేకుండా నేరుగా మాట్లాడుకోగలవు. మన సైటు వాకీటాకీల్లాగే అన్నమాట. మామూలు మొబైల్ కాల్‌కు ఈ రెండూ లేవు.

ఈ పద్ధతుల్లో ఎక్కువ దేశాల్లో కనపడేది 'టెట్రా'. ఐరోపా ప్రమాణాల సంస్థ 1990లలో తయారుచేసింది. మొదట అందులో 'టీఈ' అంటే ట్రాన్స్ యూరోపియన్. ప్రపంచమంతా కొనడం మొదలుపెట్టాక యూరప్ మాట తీసేసి టెరెస్ట్రియల్ అని మార్చారు. ఒక్క రేడియో తరంగాన్ని కాలంలో నాలుగు ముక్కలు చేసి నాలుగు సంభాషణలు నడపడం దీని కిటుకు. అమెరికాలో దీని బదులు 'పీ25' అనే వేరే పద్ధతి ఎక్కువ.

గల్ఫ్‌లో సంగతి

మనం ఉండే గల్ఫ్‌లో టెట్రాదే పైచేయి. దుబాయ్‌లో దీని పేరు 'నిదా'. ప్రభుత్వ సంస్థే నడుపుతోంది. నిదా అంటే అరబ్బీలో పిలుపు. ఉర్దూ తెలిసిన మన హైదరాబాద్ వాళ్ళకు ఈ మాట కొత్తేం కాదు. పోలీసు, అంబులెన్సు, సివిల్ డిఫెన్స్‌తో పాటు ఇతర ప్రభుత్వ శాఖలూ దీన్నే వాడతాయి. ఖతర్‌లో హోం శాఖ దగ్గర టెట్రా ఉంది. పాత దేశాల్లాగా శాఖకో నెట్‌వర్క్ కట్టుకుని, ఆనక కూలగొట్టి కలుపుకునే తిప్పలు ఇక్కడ తక్కువ. నగరాలు కొత్తవి, డబ్బుంది, నిర్ణయం ఒక్కచోటే జరుగుతుంది. ఒప్పుకోవాల్సిన మాటే ఇది.

అలాగని అందరినీ ఒకే నెట్‌వర్క్ మీద ఎక్కిస్తే అన్నీ బాగుంటాయని కాదు. అందరూ ఒకే పడవలో ఉన్నప్పుడు చిల్లు పడితే అందరూ మునుగుతారు. 2005 ఆగస్టులో కత్రినా తుపాను వచ్చినప్పుడు అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో అదే జరిగింది. రేడియో వ్యవస్థ దెబ్బతిని, మొదటి మూడు రోజులు వందల మంది పోలీసులు రెండే రెండు ఛానెళ్ళ మీద మాట్లాడుకోవాల్సి వచ్చింది. టవర్ ఎంత గట్టిగా ఉంది, జనరేటర్‌లో డీజిల్ ఎన్నాళ్ళకు సరిపడా ఉంది అన్న ప్రశ్నలు అలాంటప్పుడే గుర్తొస్తాయి.

రెండోది డబ్బు. బ్రిటన్‌లో ఎయిర్‌వేవ్‌ని మొటరోలా కంపెనీ 2016లో కొనేసింది. దాని బదులు 4జీ మీద నడిచే కొత్త నెట్‌వర్క్‌కు మారాలని ప్రభుత్వం 2015లోనే పని మొదలుపెట్టింది. 2019 కల్లా పాతది ఆపేద్దామనుకున్నారు. ఏళ్ళు జరుగుతూనే పోయాయి, పాతదే నడుస్తోంది. పోలీసులకు వేరే గతి లేదు కాబట్టి కంపెనీ చెప్పిందే ధర అయింది. చివరికి అక్కడి పోటీ నియంత్రణ సంస్థ 2023లో ధరలకు పగ్గం వేసింది. అమెరికా మాత్రం 2012లో చట్టం చేసి, 2017లో ఏటీ అండ్ టీ కంపెనీకి పాతికేళ్ళ కాంట్రాక్టు ఇచ్చి 'ఫస్ట్‌నెట్' కట్టించింది. ఇది మొబైల్ తరహా నెట్‌వర్కే, కాకపోతే రద్దీలో అత్యవసర సేవలకే మొదటి చోటు. సెప్టెంబర్ 11 నుంచి లెక్కేస్తే ఆ కాంట్రాక్టు దాకా రావడానికే 16 ఏళ్ళు పట్టింది.

మూడోది రహస్యం. టెట్రాలో మాటలు బయటివాళ్ళకు అర్థం కాకుండా సంకేతాల్లోకి మారిపోతాయి. 2023లో నెదర్లాండ్స్‌కు చెందిన పరిశోధకులు అందులో ఒక రకం తాళం, టీఈఏ1 అనేది, చాలా బలహీనమని బయటపెట్టారు. చూడటానికి 80 బిట్ల తాళం, లోపల మాత్రం 32 బిట్లకే కుదించి ఉంది. మామూలు ల్యాప్‌టాప్‌తో నిమిషంలో తెరవొచ్చన్నారు. ఐరోపా పోలీసులు తమకోసం వాడేది వేరే, గట్టి తాళం. ఈ బలహీనమైనది ఎక్కువగా కంపెనీలకు, ఐరోపా బయటి దేశాలకు అమ్మినది. తమ ఇంటికి ఒక తాళం, పక్కింటికి అమ్మేది ఇంకో తాళం!

మన దగ్గర

108 అంటే ఆంధ్ర, తెలంగాణల్లో పసిపిల్లలకూ తెలుసు. 2005లో హైదరాబాద్ నుంచే మొదలైంది. ఇప్పుడు పోలీసు, ఫైర్, అంబులెన్సు అన్నిటికీ కలిపి 112 కూడా ఉంది. అంటే జనం పిలవడానికి నంబరు కలిసింది. పిలుపు అందుకున్న శాఖలు తమలో తాము మాట్లాడుకునే రేడియోలు కలవడం వేరే పని. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీలో టెట్రా పెట్టారు. దేశమంతటికీ ఇలాంటి అత్యవసర నెట్‌వర్క్ కావాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో సిఫార్సు చేసింది.

తుపాన్ల దెబ్బ మనకు చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు మొబైల్ టవర్లు మూగబోయాయి. దుబాయ్‌లో, మస్కట్‌లో ఉన్న ఉత్తరాంధ్ర వాళ్ళు ఇంటికి ఫోన్ కలవక ఎంత అల్లాడారో వాళ్ళకే తెలుసు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లోనూ ఇంతే. అప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ప్రపంచంలోని హామ్ రేడియో మిత్రులతో మాట్లాడటానికి సరదాగా వెళ్ళినవాళ్ళు. ఫోన్లన్నీ పోయాక ఆ సెట్లే ద్వీపాల కబుర్లు బయటికి మోశాయి.

సెట్ల ముచ్చట వచ్చింది కాబట్టి ఇంటికెళ్ళేవాళ్ళకు ఒక మాట. ఎవరో చవకగా ఇచ్చారని తురాయా శాటిలైట్ ఫోన్ సూట్‌కేసులో పెట్టుకుని ఇండియాలో దిగకండి. అనుమతి లేకుండా అది మన దేశంలో నేరం, ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు. శక్తిమంతమైన వాకీటాకీలకూ లైసెన్సు కావాలి. ఎమిరేట్స్‌లోకి తెచ్చుకోవాలన్నా టెలికాం శాఖ అనుమతి ఉండాల్సిందే.

మొదటి మాట మనదే

ఎన్ని కోట్లు పోసి కట్టిన నెట్‌వర్క్ అయినా, ఎవరో ఒకరు ఫోన్ చేసేదాకా మౌనంగానే ఉంటుంది. 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్ మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనంలో మంటలు లేచాయి. నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. నిద్రలో ఉన్నవాళ్ళను పొగ చుట్టేసింది. అలాంటి చోట లెక్కంతా నిమిషాల్లోనే.

నంబర్లు మనవాళ్ళలో చాలామందికి కలగాపులగం అవుతున్నాయి. తప్పు వాళ్ళది కాదు. ఎమిరేట్స్‌లో 999 పోలీసు, 998 అంబులెన్సు, 997 ఫైర్. సౌదీకి వెళ్తే 999 పోలీసే గానీ మిగతా రెండూ తారుమారు. అక్కడ 997 అంబులెన్సు, 998 ఫైర్! రియాద్, మక్కా, ఈస్టర్న్ ప్రావిన్స్ లాంటి చోట్ల అన్నిటికీ ఒకటే 911. ఖతర్, బహ్రెయిన్‌లలో 999. కువైట్‌లో 112. ఒమన్‌లో నాలుగు తొమ్మిదులు, 9999. దుబాయ్ నుంచి దమ్మామ్‌కి మారినవాళ్ళు పాత నంబరే మనసులో పెట్టుకోవద్దు.

నంబరు కలిశాక అడిగేది ఒక్కటే. ఎక్కడ? ఇక్కడే మనవాళ్ళు తడబడతారు. 'ఆంధ్రా మెస్ వెనక', 'పాత లూలూ ఎదురు సందు' అని మనలో మనం చెప్పుకునే గుర్తులు కంట్రోల్ రూమ్ మ్యాపులో ఉండవు. దుబాయ్‌లో భవనం గోడకు 'మకానీ' పలక ఉంటుంది, దాని మీద పది అంకెలు. ఆ అంకెలు చెబితే చాలు. ఖతర్‌లో నీలం రంగు పలక మీద జోన్, వీధి, భవనం నంబర్లు మూడూ ఉంటాయి. కువైట్‌లో ఏరియా, బ్లాకు, వీధి, భవనం నంబరు. బహ్రెయిన్‌లో భవనం, రోడ్డు, బ్లాకు. సౌదీలో నేషనల్ అడ్రస్ ప్రకారం నాలుగక్షరాలు, నాలుగంకెల చిన్న చిరునామా ఉంటుంది.

ఇంగ్లిష్ రాదని భయపడి ఫోన్ పెట్టేయొద్దు. ఫైర్, అంబులెన్స్, పోలీస్... ఈ మూడు మాటల్లో కావలసింది చెప్పి పలక మీది అంకెలు చదవండి. వాళ్ళు పెట్టేసేదాకా మీరు పెట్టొద్దు. అంకెలు మాత్రం ఆ సమయంలో వెతుక్కునేవి కావు. ఈ రాత్రి డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు గేటు పక్కన పలక ఎక్కడుందో చూసి ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. రూమ్‌లోని నలుగురికీ పంపండి. కొత్తగా ఊరి నుంచి దిగిన కుర్రాడు ఉంటే వాడికి ముందు.